సోఫా వెనక సంచి

మా అన్నయ్య ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా సామానంతా హాల్లో సోఫా వెనక ఒక సంచిలో ఉండేది. సోఫాకీ గోడకీ మధ్య జానెడు సందు. సంచి అందులో అచ్చంగా దానికోసమే కట్టినట్టు పట్టేది. అందరూ పడుకున్నాక సోఫా మీద దుప్పటి పరుచుకునేదాన్ని. పొద్దున్నే ఎవరూ లేవకముందే దాన్ని మడతపెట్టి సంచి మీద పడేసేదాన్ని. అన్నయ్య కళ్ళు నులుముకుంటూ పేపరు చదవడానికి హాల్లోకి వచ్చేసరికి సోఫా సోఫాలాగే ఉండేది, నేను వంటింట్లో టీ పెడుతూ ఉండేదాన్ని.

ఒకసారి జనాభా లెక్కలాయన వచ్చి "ఇంట్లో ఎంతమందండీ?" అని అడిగితే మా వదిన తడుముకోకుండా "మేమిద్దరం, పిల్లలిద్దరు" అనేసింది. ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది నేనే. తర్వాత వదిన నాలుక కరుచుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన వెంట వీధి చివరిదాకా పరిగెత్తింది పాపం. నేను మాత్రం దాన్ని మెప్పుగానే తీసుకున్నాను. నా ఉద్యోగం అలాంటిది మరి.

నేను హోటల్లో గదులు సర్దుతాను. మనిషి ఉండి వెళ్ళిన గదిని, అసలు మనిషన్నవాడు ఎప్పుడూ అడుగుపెట్టలేదన్నట్టు చేసిపెట్టడమే మా పని. దిండు మీద తల ఆనిన గుంట, అద్దం మీద వేలిముద్ర, సబ్బుకి అంటిన వెంట్రుక, ఏదీ మిగలకూడదు. ఈ పనిలో నాకు తిరుగులేదని నేను కాదు, మా సూపర్‌వైజరే అంటుంది. చప్పుడు లేకుండా వచ్చి చప్పుడు లేకుండా పోతానని అందరూ నన్ను పిల్లి అంటారు.

ఆ ఎండాకాలం మా హోటల్లో ఒక అంతస్తు మూసేసి రంగులు వేయించారు. అదే సమయంలో లాండ్రీలో కొత్తగా ఒకావిడ చేరింది. ఏళ్ళ తరబడి ఉతికే యంత్రాల హోరు మధ్య మాట్లాడి మాట్లాడి, ఆవిడ గొంతు ఆ స్థాయిలోనే నిలిచిపోయింది. పక్కన నిలబడి గుసగుసలాడినా గేటు దగ్గర వాచ్‌మన్‌కి వినపడేది. చేరిన వారానికే ఆవిడ పేరు మైకు అయిపోయింది. నాకంటే కాస్త పెద్దది. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు.

"ఏమే పిల్లీ, నువ్వలా వెనకనించి వస్తే గుండె ఆగిపోతోంది. గాజులైనా వేసుకో, గొణుక్కుంటూ అయినా నడువు!" అంది మొదటిరోజే.

ఆ మాటతోనే మా స్నేహం మొదలైంది. నేను మాట్లాడకపోవడం ఆవిడకి లోటు కాదు, ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది. నాకు మాత్రం పొద్దున లేస్తే ఎప్పుడు ఆవిడ గొంతు వింటానా అని ఉండేది. అంతకుముందు నాకు స్నేహితులంటూ ఎవరూ లేరు.

ఎండలు ముదిరేసరికి మైకు ఇంకో మాట తెచ్చింది. వాళ్ళ వీధిలో ఒక పై వాటా ఖాళీ అయింది. రెండు గదులు, వంటిల్లు. ఒక గదికి వీధివైపు పెద్ద కిటికీ.

"ఒక్కదాన్నే ఉంటే గోడలు నా మాట పడలేక పగుళ్ళిస్తాయే. నువ్వు కూడా వచ్చెయ్యి. కిటికీ గది నీకే."

వెళ్ళి చూశాను. ఆ కిటికీ దగ్గర నిలబడి అవతలి మేడ మీద ఆరేసిన బట్టలు చూస్తుంటే నాకు ఆ గది కావాలనిపించింది. అంత గట్టిగా ఏదైనా కావాలనిపించడం నాకు అలవాటు లేదు, భయం వేసింది. అన్నయ్యకి చెప్పాలి. అదే రాదు నాకు. అమ్మ పోయినప్పటినించీ అన్నయ్య నన్ను తన దగ్గరే ఉంచుకున్నాడు, ఒక్కరోజు కూడా ఒక్క మాట అనలేదు. ఏదైనా అని ఉంటే మొహం మీద నాలుగు మాటలు దులిపేసి వెళ్ళిపోవచ్చు. ఏమీ అనని మనిషికి ఏం చెప్పి వెళ్ళాలి? ఆ వాటా ఓనరు మాత్రం, నా మొహమాటం ఆయనకి పట్టదు కాబట్టి, వచ్చే వారంలోగా తేల్చమన్నాడు.

ఇంతలో హోటల్లో లాటరీ తీశారు. రంగుల పని వల్ల ఎలాగూ సెలవు ఇవ్వాలి కాబట్టి, గెలిచినవాళ్ళకి ఇంకో ఊళ్ళో మా యజమానిదే ఉన్న పెద్ద హోటల్లో ఇద్దరికి మూడు రాత్రులు ఉచితం. ఆ ఊరు మామూలు ఊరు కాదు. జూదమాడే క్యాసినోల ఊరు. రాత్రీ పగలూ తేడా లేని ఊరని విన్నాం తప్ప మాలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. చీటీ మైకుకి తగిలింది. ఆవిడ వేసిన కేకకి రంగులవాడు నిచ్చెన మీదనించి జారాడు.

అన్నయ్య విన్నాక పేపరు దించి నా వైపు చూశాడు. "ఆ ఊరా? అక్కడికి పోయినవాళ్ళు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వస్తారు."

"పోగొట్టుకోడానికి మాకు ఇల్లుంటే కదండీ అన్నయ్యగారూ!" అంది మైకు గేటు అవతలనించి. ఇంకా లోపలికే రాలేదు.

బయల్దేరేటప్పుడు వదిన నన్ను వంటింట్లోకి లాగి, చేతిలో ఒక నోటు కుక్కి గుప్పిట మూసింది. "నా పేరు చెప్పి ఆ జూదం మిషను ఒక్కసారి తిప్పిరా. మీ అన్నయ్యకి తెలిస్తే నన్ను తిప్పుతాడు."

బస్సులో దారిపొడుగునా మైకు నాకు పాఠం చెప్పింది. "ఇప్పుడు నేను మీ అన్నయ్యని. పేపరు చదువుతున్నాను. ఊఁ, చెప్పు."

"అన్నయ్యా..."

"ఆఁ."

"టీ తాగుతావా?"

మైకు నెత్తి కొట్టుకుంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "చెప్పెయ్యండమ్మా, ఇందాకటినించీ ఆయన వింటున్నాడుగా" అన్నాడు. ఇంకో నాలుగు సార్లు ప్రయత్నించాం. నాలుగు సార్లూ మా అన్నయ్యకి టీయే దొరికింది.

ఆ ఊళ్ళో దిగి చుట్టూ చూశాం. భవనాల నిండా దీపాలు, పట్టపగలు కూడా వెలుగుతున్నాయి. హోటల్లో కౌంటరు దగ్గర నల్ల కోటు కుర్రాడు పేర్లు అడిగితే మైకు నన్ను ముందుకి నెట్టి, నా వెనక నక్కింది.

"కోటు వేసుకున్నవాళ్ళని చూస్తే నాకు గొంతు దిగిపోతుందే," అంది తర్వాత లిఫ్టులో. నిజంగానే ఆ మాట మెల్లగా అంది. ఆవిడకీ అలాంటి గొంతు ఒకటుందని అప్పుడే తెలిసింది.

గదిలోకి వెళ్ళి తలుపు వేశాక ఇద్దరం కాసేపు అలా నిలబడిపోయాం. చేతిలో చీపురు లేకుండా హోటలు గదిలో నిలబడటం మా జన్మలో అదే మొదలు. తర్వాత మైకు దిండు తీసి వాసన చూసింది.

"సబ్బు సరిగ్గా పోలేదు."

నేను తలుపు పై చట్రం మీద వేలు పెట్టి చూసుకున్నాను. దుమ్ము. ఇద్దరికీ చెప్పలేనంత సంతోషం కలిగింది.

"ఇదిగో, ఒట్టు," అంది మైకు మంచం మీద వెల్లకిలా పడి. "ఈ మూడు రోజులూ మనం దొరసానులం. గదిలో పూచికపుల్ల కూడా కదిలించకూడదు. ఎవరైనా సర్దితే ఊరుకునేది లేదు."

ఒట్టు వేసుకున్నాం. మర్నాడు పొద్దున మైకు స్నానానికి వెళ్ళగానే నేను నా మంచం సర్దేశాను. చేతులు ఊరుకోలేదు. తర్వాత ఆవిడది కూడా సర్దాను, ఒకటి సర్ది ఒకటి వదిలేస్తే కంట్లో నలకలా ఉంటుంది మరి. స్నానాలగదిలోంచి కిచకిచమని అద్దం తుడుస్తున్న చప్పుడు వచ్చింది. ఆవిడ బయటికి వచ్చి మంచాలు చూసింది. నేను లోపలికి వెళ్ళి, పొడిగా మెరుస్తున్న తొట్టీ, మూడు మడతలు పెట్టిన తువ్వాళ్ళూ చూశాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాం. రెండు సంచులూ అడ్డంగా ఉన్నాయని తీసి పక్కకి పెట్టాను. మైకు చెత్తబుట్ట ఖాళీ చేసుకొచ్చింది. తలుపు తాళం కార్డు పోతే జరిమానా వేస్తారని బల్ల మీద పెట్టింది, ఇంకోటి నా దగ్గర ఉంది కదా అని. చివర్న, గదులు సర్దే ఆవిడకి మనలాంటివాళ్ళు ఇవ్వకపోతే ఎవరిస్తారని, దిండు మీద కాస్త బక్షీసు పెట్టి, తృప్తిగా తలుపు మూసుకుని ఊరు చూడటానికి పోయాం.

ఏం ఊరండీ అది! ఒక భవనం లోపల కాలవ, కాలవలో పడవ, పడవవాడు పాడుతున్నాడు. పైన నీలంగా ఆకాశం, తెల్లటి మబ్బులు. తీరా చూస్తే అది కప్పు. మబ్బులు రంగు వేసినవి. జనమంతా నోరు తెరుచుకుని చూస్తుంటే మైకు నడుం మీద చేతులు పెట్టుకుని గట్టిగా అడిగింది.

"ఈ ఆకాశానికి బూజు ఎవరు దులుపుతారే?"

పడవవాడు పాట ఆపేసి పైకి చూశాడు.

నీళ్ళు పాటకి తగ్గట్టు ఎగిరే ఫౌంటెన్ చూశాం. దాని చుట్టూ తడి తుడవడానికి ఎంతమందిని పెట్టారో చూశాం. తర్వాత ధైర్యం చేసి క్యాసినోలోకి వెళ్ళాం. లోపల ఎటు చూసినా మిషన్లు, గంటలు, రంగురంగుల తివాచీ. మచ్చ పడినా కనపడకుండా ఎంత తెలివిగా వేశారో అని ఆ తివాచీని మెచ్చుకుంటూ ఒక చుట్టు తిరిగాం. వదిన నోటు గుర్తొచ్చి ఒక మిషను ముందు కూర్చున్నాను. నోటు లోపలికి పోయింది, దీపాలు వెలిగాయి. మీటల నిండా ఎవరివో జిడ్డు వేళ్ళు. అలాంటిది ముట్టుకోవడం నా వల్ల కాదు. చేతిరుమాలు తీసి ఆ చివరినించి ఈ చివరికి శుభ్రంగా ఒక్క తుడుపు తుడిచాను. ఏ మీట నొక్కుకుందో, మిషను గిర్రున తిరిగింది, ఆగింది, దీపాలు ఆరిపోయాయి. వదిన పేరు చెప్పడానికి కూడా తీరిక దొరకలేదు.

"మొత్తం ఒక్క దెబ్బకే పందెం కాశావే!" అని మైకు కడుపు పట్టుకుని నవ్వింది. "మిషను మాత్రం తళతళలాడుతోంది!"

నవ్వి నవ్వి కాళ్ళు పీకుతుంటే సాయంత్రం హోటలుకి చేరాం. నా కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎర్రదే. ఇంతలో తలుపు దానంతటదే తెరుచుకుంది. తువ్వాలు చుట్టుకుని, తల నిండా నురగతో ఒక కుర్రాడు. లోపలినించి "ఎవరండీ?" అని కొత్తపెళ్ళికూతురి గొంతు.

"హౌస్‌కీపింగా? సమయానికి వచ్చారు. ఇంకో రెండు తువ్వాళ్ళు కావాలండీ," అన్నాడు కుర్రాడు.

"ఇప్పుడే తెస్తానండి," అన్నాను.

అని ఊరుకోలేదు, వెళ్ళాను కూడా. ఏ హోటల్లోనైనా బట్టల గది సర్వీసు లిఫ్టు పక్కనే ఉంటుంది, ఇక్కడా అక్కడే ఉంది. తువ్వాళ్ళు తీసి చేతి మీద వేసుకుని వెనక్కి తిరిగేసరికి మైకు రొప్పుతూ ఎదురుగా నిలబడి ఉంది.

"ఎక్కడికే?"

"తువ్వాళ్ళకి. రూములో గెస్టు అడిగాడు."

"ఆ రూములో గెస్టులం మనమే కదే!"

అప్పుడు బుర్రకెక్కింది నాకు.

ఆ తువ్వాళ్ళతోనే కిందికి పరిగెత్తాం. కౌంటరు దగ్గర నల్ల కోటు కుర్రాడు, వాడి పక్కన ఇంకా నల్లటి కోటుతో మేనేజరు. నా చేతి మీద తువ్వాళ్ళు చూసి మేనేజరు విసుగ్గా, "మీది ఏ అంతస్తు డ్యూటీ అమ్మా? ఇటు రాకూడదని తెలీదా?" అన్నాడు.

నేను మైకు వైపు చూశాను. ఊరంతా వినపడేలా ఆకాశానికి బూజు ఎవరు దులుపుతారన్న మనిషి పెదాలు కదిపింది, చప్పుడు రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"మేం డ్యూటీలో లేమండీ. గెస్టులం," అన్నాను.

ఆయన కంప్యూటర్లో చూశాడు. ఆ గది పొద్దున్నే ఖాళీ అయిందని ఉంది. సర్దే ఆవిడని పిలిపించారు. మా ఈడుదే. భయంతో చేతులు యాప్రాన్‌లో దాచుకుంది.

"ఉన్నారని ఎలా అనుకుంటానండీ?" అంది మేనేజరుతో. "పక్కలు నలగలేదు. తొట్టిలో నీటిచుక్క లేదు. కార్డు బల్ల మీద ఉంది, బక్షీసు దిండు మీద ఉంది. సామాను లేదు. ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ గది కూడా అంత నీటుగా ఉండదండీ. మనుషులున్న గదికి ఏదో ఒక గుర్తు ఉంటుంది కదా."

"మరి మీ సామాను ఏదమ్మా?" అన్నాడు మేనేజరు నాతో. "ఏ గుర్తూ లేకపోతే మీరు అసలు ఆ గదిలో ఉన్నట్టు నేనెలా..."

"ఉన్నాం!"

ఆ కేక ఎవరిదా అని నేనే పక్కకి చూశాను. అవతల హోటలు క్యాసినోలో మిషన్ల దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. మైకు నోరు తెరిచి నన్నే చూస్తోంది. కేక నాదే.

"ఉన్నామండీ ఆ గదిలో. మేమిద్దరం ఉన్నాం. సోఫా వెనక చూడండి. రెండు సంచులుంటాయి. ఆవిడని ఏమీ అనకండి, ఆవిడ సరిగ్గానే చూసింది. అలా సర్దింది మేమే."

సంచులు వచ్చాయి. మేనేజరు కోటు సర్దుకుని క్షమించమన్నాడు, పై అంతస్తులో ఇంతకంటే పెద్ద గది ఇప్పించాడు. లిఫ్టు దాకా సర్దే ఆవిడ మాతో వచ్చింది. ఉద్యోగం నిలబడినందుకు నా చేయి పట్టుకుని వదల్లేదు.

"నేను వెతకలేదనుకోకండమ్మా. బీరువాలో చూశాను, మంచం కింద చూశాను. సోఫా వెనక సామాను ఎవరు పెట్టుకుంటారు?" అంది.

కొత్త గదిలో మైకుకి గొంతు తిరిగొచ్చి కౌంటరు దగ్గర అనాల్సినవన్నీ గోడలకి చెబుతుంటే, నేను ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచిస్తూ కూర్చున్నాను. నవ్వులాటగా మొదలైన ఆలోచన కాస్తా పోనుపోను అన్నయ్య ఇంటి సోఫా దగ్గరికి వెళ్ళి ఆగింది.

మర్నాడు ఊరు చూడటానికి బయల్దేరేటప్పుడు మంచాలు ఎలా ఉన్నవి అలాగే వదిలేయాలని తీర్మానించుకున్నాం. తలుపు దగ్గర నిలబడి నలిగిన దుప్పట్ల వైపు ఇద్దరం ఒకసారి చూశాం.

"చూడకు. కళ్ళు మూసుకుని నడువు," అంది మైకు.

లిఫ్టు దాకా వెళ్ళి నేను ఒక్కదాన్నే వెనక్కి పరిగెత్తాను. మైకు వెంటపడి వచ్చి, "సర్దావో చంపేస్తా!" అని అరిచింది. నేను సర్దడానికి వెళ్ళలేదు. సంచిలోంచి నా దువ్వెన తీసి, బల్ల మీద, తలుపు తీయగానే కనపడేలా పెట్టి వచ్చాను. రోజంతా తిరుగుతున్నా మధ్యమధ్యలో ఆ దువ్వెన అక్కడ ఉందని గుర్తొచ్చి హాయిగా ఉండేది. సాయంత్రం వెళ్ళేసరికి పక్కలు సర్ది ఉన్నాయి. దువ్వెన కింద మాత్రం ఎవరో చిన్న తువ్వాలు మడిచి వేశారు.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున మామూలుగానే ముందు నాకే మెలకువ వచ్చింది. చేయి దానంతటదే దుప్పటి అంచు పట్టుకుంది. వదిలేశాను. కాళ్ళు బార చాపుకుని అలాగే పడుకున్నాను.

అన్నయ్య పేపరు పట్టుకుని వచ్చాడు. చూసుకోకుండా కూర్చోబోయి, నా కాళ్ళు తగిలి ఉలిక్కిపడ్డాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

ఆయన నన్ను చూశాడు, దుప్పటిని చూశాడు. టీపాయ్ మీద నా దువ్వెన ఉంది, దాన్ని కూడా చూశాడు.

"అన్నయ్యా..." అన్నాను.

"ఆఁ."

టీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మైకూ నేనూ ఒక పై వాటా చూసుకున్నాం. వెళ్దామనుకుంటున్నాను."

ఆయన పేపరు చంకలో పెట్టుకున్నాడు. నా పాదాలే చూస్తున్నాడు. సోఫా చేతి మీదనించి అవి జానెడు బయటికి వేలాడుతున్నాయి. మా అన్నయ్య బస్సులకి సీట్లు బిగించే పని చేస్తాడు. ఏ మనిషికి ఎంత చోటు కావాలో చూపుతోనే చెప్పేస్తాడు.

"ఎప్పుడూ ఇలాగే బయటికి ఉంటాయా కాళ్ళు?"

"ముడుచుకుంటాను. ఇవాళే చాపాను."

మెల్లగా సోఫా చివర, నా కాళ్ళ పక్కన, దుప్పటి మీదే కూర్చున్నాడు. పేపరు విప్పలేదు.

"మేమేమైనా అన్నామా?"

"లేదన్నయ్యా. ఏ రోజూ ఏమీ అనలేదు."

"మరి?"

"కిటికీ ఉంది," అన్నాను.

వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిన చప్పుడైంది. టీ ఎవరూ పెట్టలేదని ఇంకా తెలిసినట్టు లేదు. "అన్నట్టు, నా నోటు ఏమైందమ్మా?" అని అక్కడినించే అడిగింది.

"ఏ నోటు?" అన్నాడు అన్నయ్య.

వంటింట్లో గిన్నెలు గట్టిగా మోగాయి. మా ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. జేబురుమాలు తీసి మొహం తుడుచుకుని, నా వైపు చూడకుండా అడిగాడు.

"మంచం పడుతుందా ఆ గదిలో?"

"పడుతుంది."

"పొడుగుది?"

"పొడుగుదే పడుతుంది."

సరేనన్నట్టు తల ఊపాడు. ఇక టీ పెట్టాలని లేచి కూర్చుని, దుప్పటి మడతపెట్టబోయాను. అది కదల్లేదు. ఇటు కొస మీద అన్నయ్య కూర్చుని ఉన్నాడు. లేస్తాడని చూశాను. లేవలేదు.

"ఉండనీ," అన్నాడు. "ఇంకాసేపు పడుకో."